ఈస్టర్ సెలవుల్లో పుట్టిన సంఘం

1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో, తెల్లవారికే వడ్డించే కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. కొట్టు కట్టేసేదాకా వాళ్లూ లేవలేదు. ఆ నిరసన ఊరూరా పాకింది.

ఈ యువతను ఒకచోట చేర్చాలని పౌరహక్కుల ఉద్యమకారిణి ఎల్లా బేకర్ తలపెట్టారు. తాను చదువుకున్న షా విశ్వవిద్యాలయంలోనే ఏప్రిల్‌లో, ఈస్టర్ సెలవుల్లో సదస్సు పెట్టించారు. మార్టిన్ లూథర్ కింగ్ కూడా వచ్చి మాట్లాడారు. అయితే పెద్దల సంఘాలకు తోకగా మిగలకుండా విద్యార్థులే సొంతంగా నిర్ణయాలు తీసుకోవాలని బేకర్ పట్టుబట్టారు. అలా ‘స్నిక్’ అనే విద్యార్థి సమన్వయ సంఘం ఏర్పడింది. ఆ కార్యకర్తలు మిసిసిపీ పల్లెల్లో నల్లవారిని ఓటర్లుగా నమోదు చేయించడానికి ఇల్లిల్లూ తిరిగారు. 1965లో ఓటుహక్కు చట్టం వచ్చింది.

రేపు ఏ పని ఎవరు చేయాలో తేల్చుకుని లేచినప్పుడే ఏ సదస్సుకైనా సార్థకత.