కెమెరా కంటే ముందు కుదురు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో సరదాగా ఫొటోలు తీసేవారి మొదటి సందేహం, ఏ కెమెరా కొనాలని. డబ్బంతా కెమెరాకే పెట్టకండి. గట్టి ట్రైపాడ్‌కూ, రిమోట్ షట్టర్‌కూ కొంత మిగుల్చుకోండి. సిరిసిల్ల మరమగ్గాల షెడ్లలో వెలుతురు తక్కువ. ధర్మపురి గోదావరి ఒడ్డున తెల్లవారుజామున ఇంకా తక్కువ. 50 ఎం.ఎం. లెన్సును చేత్తో పట్టుకున్నప్పుడు షట్టర్ వేగం సెకనులో 50వ వంతుకు తగ్గకూడదన్నది పాత లెక్క. మగ్గం ఆడుతున్నట్టు కనబడాలంటే వేగం అంతకన్నా బాగా తగ్గాలి. అప్పుడు బటన్ నొక్కిన వేలి అదురే ఫొటోను చెదరగొడుతుంది.

కొత్త కెమెరాల్లో కుదుపు తగ్గించే ఏర్పాటు ఉందిగా అంటారు. ఉంది, కానీ సెకన్ల తరబడి తెరిచి ఉంచే షట్టర్‌కు అది చాలదు. రెండు సెకన్ల టైమర్ సరిపోదా? కదలని జగిత్యాల కోటకు సరిపోతుంది. ఆకాశంలో మెరుపు కోసం బల్బ్ మోడ్‌లో షట్టర్‌ను తెరిచి ఉంచాలంటే రిమోట్ కావాలి. అయితే బతుకమ్మ ఆడేవాళ్ల కదలికను ట్రైపాడ్ ఆపలేదు. అక్కడ పెద్ద అపర్చర్ లెన్సే దిక్కు.

రిమోట్ కొనేముందు దాని పిన్ మీ కెమెరా మోడల్‌కు సరిపోతుందో లేదో చూడండి. కంపెనీని బట్టి అది మారుతుంది. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ ఎండలో మొరాయించవచ్చు, వైరుది నమ్మకమైనది. చాలా కెమెరాలను ఫోన్ యాప్‌తోనూ నొక్కవచ్చు, ముందు అది ప్రయత్నించండి. మామూలు కెమెరా అయినా కుదురుగా నిలబెడితే, చేతిలో వణికే ఖరీదైన కెమెరా కన్నా మేలు.