చావుకూ కులముంది, ఫారంలో గడి లేదు
(ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. నేను మందుల గురించి చెప్పను, లెక్కల గురించి చెబుతా.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. పుట్టిన వెయ్యిమంది బిడ్డల్లో ఏడాది నిండకుండానే పోయినవాళ్లు షెడ్యూల్డు కులాల్లో 45 మంది. తెగల్లో 44. వెనుకబడిన కులాల్లో 42. వీళ్లెవరూ కాని 'ఇతరుల్లో' 32.

మీ అలవాట్లు మంచివి కావు, అందుకే మీకు రోగాలు అంటారు పెద్దమనుషులు. నెలల బిడ్డకు ఏం అలవాట్లుంటాయయ్యా? సారా తాగిందా? పనికి ఎగనామం పెట్టిందా? ఆ ఎక్కువ పోయిన 13 మంది బిడ్డలకు జవాబు ఎవరు చెప్పాలి?

అమెరికా ఆర్థికవేత్త జాన్ రోమర్ 1998లో తన పుస్తకంలో ఇదే చెప్పాడు. మనిషి చేతిలో లేని పరిస్థితులు వేరు, మనిషి చేసే కృషి వేరు. ఏ కడుపున పుట్టాం, ఏ వాడలో పుట్టాం అనేది మన చేతిలో లేదు. దానివల్ల వచ్చే తేడా అన్యాయమే. దాన్నే అవకాశాల అసమానత అంటున్నారు.

దీన్ని కొలిచే పద్ధతి కూడా ఉంది. ప్రపంచ బ్యాంకు వాడిందే. వందమంది పిల్లల్లో 80 మందికి టీకాలు పడ్డాయనుకోండి. సర్కారు 80 శాతమని చంకలు గుద్దుకుంటది. ఆ 80లో ఊరికెన్ని, వాడకెన్ని? అందరికీ సమంగా అందాలంటే అందులో పదోవంతు చేతులు మారాల్సి ఉందనుకోండి. అప్పుడు ఆ పదోవంతు కోసేసి, 80 కాదు, 72 అని రాయాలి.

అయితే మెలిక ఇక్కడే ఉంది. ఏ గడి పెడితే ఆ తేడానే కనబడుతుంది. తల్లి చదువు, ఇంటి రాబడి రాసుకుని కులం గడి ఎత్తేస్తే, కులం చేసిన పాపంలో కొంత 'అలవాట్ల' ఖాతాలోకో 'తలరాత' ఖాతాలోకో పోతుంది. కాబట్టి వాళ్లు చూపే అసమానత ఎప్పుడూ అసలు కంటే తక్కువే.

మన దేశంలో చావు నమోదు ఫారంలో మతం గడి ఉంది. కులం గడి లేదు. బతికున్నన్నాళ్లూ బడిలో, ఆఫీసులో కులమేదని అడిగేవాళ్లు చచ్చాక అడగరు. ఎందుకంటే అడిగితే లెక్క తేలుతుంది, లెక్క తేలితే బాధ్యత మీద పడుతుంది.

ఆ గడి పెట్టమని కొట్లాడదాం. అంతదాకా చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు వాడకో నోటుబుక్కు పెట్టండి. ఎవరు పోయారు, ఎన్నేళ్లకు, ఏ రోగంతో, ఆసుపత్రి ఎంత దూరం, అక్కడ ఎంతసేపు కూర్చోబెట్టారు, అన్నీ రాయండి.

1927లో మహాద్ చెరువు దగ్గర బాబాసాహెబ్ నీళ్లలో వాటా అడిగాడు. ఇవాళ మనం ఆయుష్షులో వాటా అడుగుతున్నాం.

జై భీమ్!