పంజరంలోని చిలకకూ పని కావాలి



చిలకను పెంచుకునే ఇళ్ళు మన పట్నాలలో చాలానే ఉన్నాయి. పొద్దున్నే లేచి గిన్నెలో గింజలు పోస్తాం. నీళ్ళు మారుస్తాం. పంజరం అడుగున కాగితం తీసి కొత్తది వేస్తాం. అంతటితో మన వంతు తీరిందనుకుని వంటింట్లోకి వెళ్ళిపోతాం. మరి సాయంత్రం దాకా ఆ పక్షి ఏం చేస్తుంది? ఈ సంగతి మనం సాధారణంగా ఆలోచించం. ఇవాళ దాన్ని గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందుగా ఒక హెచ్చరిక. మన తోటల్లో తిరిగే రామచిలుకను పట్టడం గాని, కొనడం గాని, పంజరంలో పెట్టడం గాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ‘మా తాతల నాటి నుంచీ పెంచుతున్నాం’ అంటే చెల్లదు. ఇంట్లో ఇప్పటికే ఉంటే అటవీశాఖ వారికి తెలియజేయండి. పాపమని మీరే గాలిలోకి వదిలేయకండి. చిన్నప్పటి నుంచీ ఇంట్లో పెరిగిన పక్షికి తిండి వెతుక్కోవడం చేతకాదు. నేను చెప్పబోయేది దుకాణాల్లో ‘లవ్ బర్డ్స్’ అని అమ్మే చిన్న చిలకల గురించీ, తలమీద కుచ్చు ఉండే కాకటీల్ గురించీ. ఈ చిన్న చిలకల అసలు పేరు బడ్జరిగార్. రెండింటి పుట్టిల్లూ ఆస్ట్రేలియా ఖండమే.

బడ్జరిగార్ ఆ ఖండం నడిమధ్యనున్న ఎండిన మైదానాల పక్షి. గుంపులు గుంపులుగా ఎగురుతూ, వాన ఎక్కడ పడితే అక్కడికి వలస పోతూ, గడ్డిగింజలు ఏరుకు తింటుంది. తెల్లవారింది మొదలు దాని పొద్దంతా తిండి వెతకడంలో, తోటి పక్షులతో కబుర్లలో, కొమ్మలు కొరకడంలో గడిచిపోతుంది. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తీసుకువెళ్ళాడు. అక్కడి నుంచి ఇవి ప్రపంచంలోని ఇళ్ళన్నిటికీ చేరాయి. పంజరంలో పుట్టి పంజరంలోనే పెరిగిన తరాలు ఎన్ని గడిచినా, ఆ ముక్కు, ఆ కాళ్ళు, ఆ బుర్ర మాత్రం పని చేయడానికి పుట్టినవే.

అలాంటి పక్షికి మనం గింజలు గిన్నెనిండా పోసి ముక్కు దగ్గర పెడతాం. కాసేపట్లో కడుపు నిండుతుంది. ఇక దినమంతా చేసేందుకు ఏమీ ఉండదు. ‘తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు’ అని మనం ఎవరినైనా వెక్కిరిస్తాం గాని, ఈ చిలకను అలా తయారు చేసింది మనమే గదా! పని లేని చిలక కొన్నాళ్ళకు ఆగకుండా అరవడం మొదలుపెడుతుంది. లేదా ఒకే చోట అటూ ఇటూ తల ఊపుతూ కూర్చుంటుంది. మరీ ముదిరితే తన ఈకలు తానే పీక్కుంటుంది. ఈకలు పీక్కోవడం జబ్బువల్ల కూడా కావచ్చు కనుక, అది కనిపించగానే ముందు పశువైద్యుడికి చూపించాలి. జబ్బేమీ లేదని ఆయన చెబితే, ఆ పక్షికి విసుగు పుట్టిందని అర్థం చేసుకోవచ్చు.

చిలకకు మాటలు నేర్పడం మనకు కొత్త కాదు. అరవై నాలుగు కళలలో శుకసారికా ప్రలాపనం ఒకటి. మాటలు నేర్పిన మనం ఆట సంగతి మరిచిపోయాం. ఆటవస్తువు పంజరానికి అలంకారం కాదు, చిలకకు అది ఉద్యోగం. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే తక్కినదంతా సులువే.

మా వీధిలో ఒకావిడ కాకటీల్‌ను పెంచుతున్నారు. ముచ్చటపడి ఉయ్యాల, నిచ్చెన, గంటలు, రంగు పూసలు ఒకేసారి తెచ్చి పంజరం నిండా కట్టారు. ఆ పక్షి మూలకు పోయి ఈకలు ఒంటికి అంటించుకుని, పుల్లలా నిటారుగా నిలబడిపోయింది. ఆ రోజంతా గింజలు కూడా సరిగా ముట్టలేదు. ‘నా చిలకకు ఆటలంటే గిట్టవండీ’ అని ఆవిడ తేల్చేశారు. గిట్టకపోవడం కాదు, అది భయం. అడవిలో ఎన్నడూ చూడని వస్తువు కనిపిస్తే అది ప్రాణాపాయం కావచ్చు. భయపడిన పక్షే బతుకుతుంది. అందుకని కొత్త బొమ్మను కొత్తకోడలిని ఇంటికి అలవాటు చేసినట్టు మెల్లిగా పరిచయం చేయాలి.

తెచ్చిన రోజున బొమ్మను గదిలో దూరంగా, పక్షికి కనిపించేలా పెట్టండి. రోజుకు కాస్త దగ్గరకు జరపండి. పక్షి బెదిరి పక్కకు పోతే మళ్ళీ ఒక అడుగు వెనక్కి తీయండి. ఆ తరువాత పంజరం బయట ఊచలకు తగిలించండి. దాని పక్కనే కూర్చుని ఈకలు దువ్వుకుంటోందంటే భయం పోయిందన్న మాట. అప్పుడు లోపల పెట్టండి. అయితే గింజల గిన్నె దగ్గరా, రాత్రి పడుకునే కొమ్మ దగ్గరా వద్దు. తిండికీ నిద్రకూ అడ్డం రాకూడదు. ఇందుకు మూడు రోజులు పట్టవచ్చు, మూడు వారాలు పట్టవచ్చు. తొందరపడి చేత్తో పట్టుకుని బొమ్మ మీద కూర్చోబెడితే అసలుకే మోసం.

రెండో సంగతి, ముందు మీరు ఆడాలి. చిలక గుంపులో బతికే జీవి. తోటివారు దేన్ని ముట్టుకుంటే దానికి అదే కావాలి. అమెరికాలో ఐరీన్ పెపర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1977లో ఒక బూడిదరంగు ఆఫ్రికా చిలకను కొని ఆలెక్స్ అని పేరు పెట్టింది. 2007లో అది చనిపోయేలోగా వందకు పైగా మాటలు నేర్చింది. ఆమె పద్ధతి ఏమిటంటే, చిలక ఎదుట ఇద్దరు మనుషులు కూర్చుని ఒక వస్తువును ఇచ్చిపుచ్చుకుంటూ, దాని పేరు చెబుతూ మురిసిపోవడం. చూస్తున్న చిలకకు ‘నాకూ కావాలి’ అనిపిస్తుంది. 2017లో న్యూజిలాండు కొండల్లో మరో ప్రయోగం చేశారు. అక్కడి కియా అనే చిలకలు ఆడుకునేటప్పుడు చేసే కూతను రికార్డు చేసి, ఊరికే కూర్చున్న కియాలకు వినిపిస్తే అవీ ఆడటం మొదలుపెట్టాయట. ఒకరు నవ్వితే పక్కవారికీ నవ్వొచ్చినట్టే గదా! కాబట్టి మీరూ మీ అమ్మాయీ చిలక ఎదుట కూర్చుని ఆ బొమ్మను ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని ఆడండి. చిలకను మాత్రం పట్టించుకోనట్టు ఉండండి. మెడ చాచి చూడటం అదే మొదలుపెడుతుంది.

మూడోది, తిండిని ఆటలో దాచడం. తెల్ల కాగితంలో నాలుగు కొర్ర గింజలు వేసి వదులుగా పొట్లం కట్టండి. మొదటిరోజు పొట్లం సగం విప్పి గింజలు కనిపించేలా ఉంచండి. అది నేర్చుకున్నాక పూర్తిగా మూయండి. గిన్నెలో మామూలు తిండి మాత్రం తగ్గించకండి. కడుపు మాడ్చి ఆడించడం ఆట కాదు. కొర్ర కంకిని బొమ్మకు గుచ్చినా బాగుంటుంది.

బొమ్మలకు డబ్బు పోయనక్కరలేదు. శుభ్రంగా గీకిన కొబ్బరిచిప్ప, వెదురు ముక్క, జామకొమ్మ, వేపపుల్ల, మొక్కజొన్న పొత్తు పైతొక్కు, తాటాకు అల్లిక, ఇవన్నీ మన ఇళ్ళలో దొరికేవే. పురుగులమందు చల్లని చెట్టువి తెచ్చి, కడిగి, ఎండబెట్టి వాడండి. కొత్తిమీర బాగుచేసేటప్పుడు ఒక చిన్న కట్టను కడిగి, తడితోనే తగిలించండి. కొన్ని చిలకలు ఆ తడి ఆకుల్లో దూరి స్నానం కూడా చేస్తాయి. మూడు నాలుగు వస్తువులు పెట్టుకుని వారానికొకటి మారుస్తూ ఉంటే, పాతది తిరిగి వచ్చినప్పుడు కొత్తగానే కనిపిస్తుంది. అన్నీ ఒక్కసారి మార్చకండి.

ఇచ్చిన వస్తువును చిలక పీచుపీచు చేస్తే కోప్పడకండి. విరగ్గొట్టడమే దాని ఆట. పెరుగుతూ ఉండే ముక్కు అరగడానికీ అదే సాయం. విరగని గట్టి ప్లాస్టిక్ బొమ్మను రెండుసార్లు పొడిచి వదిలేస్తుంది.

ఇక జాగ్రత్తలు. రంగులు పూసిన బొమ్మలు నమలనివ్వకండి. కొండపల్లి బొమ్మ కొలువులో ఉంటేనే అందం. జింకు పూత పూసిన తీగె, తాళంచెవుల రింగులు, రబ్బరు బ్యాండ్లు, స్టేపిల్ పిన్నులు పనికిరావు. పోగులు లేచిన దారంలో వేలు చిక్కుకుంటే కాలే పోవచ్చు. రోజూ ఒకసారి తడిమి చూసి పోగులు లేస్తే తీసేయండి. అద్దం పెట్టకపోవడమే మేలు. ఒంటరి చిలక అందులోని నీడను జంట అనుకుని దానికే తిండి అందించబోతుంది, మనవైపు చూడదు. ఆడుకోవడానికి బయటికి వదిలితే ఫ్యాను ఆపి, కిటికీలు మూయండి. వంటింట్లోకి మాత్రం తేవద్దు. నాన్‌స్టిక్ పెనం అతిగా వేడెక్కితే వచ్చే ఆవిరికి పక్షులు నిమిషాల్లో చనిపోతాయి.

‘మాకే తీరిక లేదు, చిలకతో ఆటలా?’ అని మీలో కొందరనుకోవచ్చు. ప్రత్యేకంగా తీరిక అక్కరలేదు. బియ్యం ఏరుతున్నప్పుడు పంజరం పక్కన కూర్చుంటే చాలు. మా వీధి ఆవిడ అలాగే చేశారు. కట్టినవన్నీ విప్పేసి, ఒక్క తాటాకు ముక్కతో మొదలుపెట్టారు. ఆరోజుకారోజు దగ్గరకు జరుపుతూ వచ్చారు. మూడోవారంలో ఆ పక్షి దాన్ని కాలితో అదిమిపట్టి చీల్చడం మొదలుపెట్టింది. ఇప్పుడు మధ్యాహ్నం ఆ ఇంట్లోంచి కేకలు వినబడటం బాగా తగ్గింది.

మీ ఇంట్లోనూ చిలక ఉంటే రేపు మధ్యాహ్నం ఒక పది నిమిషాలు ఊరికే కూర్చుని దాన్ని గమనించండి. అది ఏమీ చేయకుండా కూర్చుందా, లేక ఏదైనా పనిలో ఉందా చూడండి. ఊరికే కూర్చుని ఉంటే, ఒక కాగితం పొట్లంతో మొదలుపెట్టండి.