సమోవా తీరమున మిగిలిన పేర్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాస పాఠము)



పరదేశము నుండి వచ్చి, ఒకచోట కొంతకాలము కాపురముండి పోయినవారిని గూర్చి స్థానికులు చెప్పుకొను కథలు ప్రతి సీమయందును గలవు. ఒకరి పేరు వినగానే పెద్దలు నవ్వుదురు. మరియొకరి పేరు వినగానే మౌనము వహింతురు. ఏ ఒకరిద్దరి పేరో వినగానే చేతులు జోడింతురు. ఈ మూడు విధములైన జ్ఞాపకములకును చక్కని నిదర్శనముగా నిలుచునది పసిఫిక్ మహాసముద్రమునందలి సమోవా దీవుల కథ.

సమోవా భూమధ్యరేఖకు దక్షిణముగా సుమారు 14 డిగ్రీల దూరమున గలదు. ఉపోలు, సవాయి అనునవి పెద్ద దీవులు. తూర్పున టుటుయిలా మొదలగు చిన్న దీవులు గలవు. కొబ్బరి, సీమపనస, అరటి, చేమ అచటి పంటలు. సంప్రదాయపు ఇండ్లకు గోడలుండవు, స్తంభములు, పైకప్పు, క్రింద పరచిన చాపలు, అంతే. ప్రతి కుటుంబమునకును మతాయి అను పెద్ద యుండును. భూమి కుటుంబమంతటికిని ఉమ్మడి సొత్తు. ఏ ఒక్కరును దానిని తన ఇష్టానుసారము అమ్ముకొనుటకు వీలులేదు. ఈ తుది మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. తెల్లవారి రాకతో కలిగిన కలతలలో పెక్కు దీని నుండియే పుట్టినవి.

ముందుగా వచ్చినవారు క్రైస్తవ ప్రచారకులు. లండన్ మిషనరీ సంఘమునకు చెందిన జాన్ విలియమ్స్ 1830లో సవాయి దీవిన దిగెను. ఆయన వెనుక వచ్చినవారిలో జార్జి ప్రాట్ అను నాతడు 1839 నుండి 1879 వరకు నలువది సంవత్సరములు అచటనే యుండెను. మన సి. పి. బ్రౌను దొర తెలుగు నిఘంటువును 1852-53లో వెలువరించినట్లే, ప్రాట్ సమోవా భాషకు వ్యాకరణమును, నిఘంటువును కూర్చి 1862లో ప్రకటించెను. ఆయన ధర్మము వారి పూర్వాచారములను కొన్నిటిని తుడిచివేయ జూచినది. ఆయన నిఘంటువు వారి మాటలను నిలబెట్టినది. ఒక్క మనుష్యుని చేతనే ఈ రెండును జరుగుట వింతగా తోచవచ్చును గాని, పరదేశుల చరిత్రలో ఇట్టివి సామాన్యము.

పిదప వచ్చినవారు వర్తకులు. హాంబర్గు నగరమునకు చెందిన గొడెఫ్రాయ్ కంపెనీకి ఉపోలు దీవి యందలి అపియా రేవు ముఖ్యస్థానమయ్యెను. ఆ కంపెనీ యజమాన్యమును వహించిన థియోడోర్ వెబర్ అనునాతడు జర్మనీవారి రాయబార ప్రతినిధి కూడ. ఉదయమున వర్తకుడు, మధ్యాహ్నమున సర్కారు! పూర్వము కొబ్బరినూనెను పీపాలలో నింపి పంపెడివారు. ఆతని కాలమున ఎండుకొబ్బరినే ఓడల కెత్తి ఐరోపాకు పంపి, అచట నూనె తీయు పద్ధతి నెలకొనెను. లాభము పెరిగెను, లాభముతోపాటు భూమిపై ఆశ పెరిగెను. దీవులవారు తమలో తాము పోరాడుకొను దినములలో తుపాకుల కొరకు భూములను వ్రాసియిచ్చిరి. ఒకే భూమిని ఇరువురికి, మువ్వురికి వ్రాసియిచ్చిన సందర్భములును గలవు. తుదకు పరదేశులు తమవని చెప్పుకొనిన భూముల విస్తీర్ణమును కూడి చూడగా, అది దీవుల మొత్తము వైశాల్యమునకు రెట్టింపును మించెను! తరువాత ఏర్పడిన విచారణ సంఘము అందులో సుమారు నూటికి 8 వంతులు మాత్రమే చెల్లునని తీర్పు చెప్పెను.

ఈ సందడిలో 1873లో ఆల్బర్టు స్టైన్‌బర్గర్ అను అమెరికను దొర దిగెను. అధ్యక్షుడు గ్రాంటు ఆయనను దీవుల స్థితిగతులను తెలిసికొని రమ్మని పంపెను. ఆయన మాటకారి, చూపరి. దీవుల పెద్దలను ఆకట్టుకొని, 1875లో మరల వచ్చి, ఏకముగా ప్రధానమంత్రి పదవినే అధిష్ఠించెను! రెండు రాజవంశములవారు వంతులవారీగా ఏలునట్లు శాసనమును కుదిర్చెను. కొన్నాళ్లు దీవులలో శాంతి నెలకొనిన మాట నిజము. అయితే ఆయన లోలోపల గొడెఫ్రాయ్ కంపెనీతో రహస్యముగా ఒడంబడిక చేసికొనెనని తరువాత బయల్పడెను. 1876లో అమెరికా, బ్రిటిషు ప్రతినిధుల ఒత్తిడిపై రాజైన మలియెటోవా లౌపెపా ఆయనను తొలగింపగా, బ్రిటిషు యుద్ధనౌకలో ఎక్కించి పంపివేసిరి. కోపించిన దీవుల సభవారు ఆ రాజునే పదవి నుండి దింపివేసిరి.

1889 మార్చి నాటికి అపియా రేవులో జర్మనీవి మూడు, అమెరికావి మూడు, బ్రిటనుది ఒకటి, మొత్తము 7 యుద్ధనౌకలు ఒకదానినొకటి గుడ్లురుముచు నిలిచియుండెను. 15, 16 తేదీలలో భయంకరమైన తుపాను వచ్చెను. రేవు విడిచి పోయినచో పిరికివారందురేమోనని ఎవరును ముందుగా కదలలేదు. బ్రిటిషు ఓడ కలియోపి ఒక్కటి మాత్రము గాలికెదురుగా అంగుళమంగుళము జరుగుచు సముద్రములోనికి బయటపడెను. మునుగుటకు సిద్ధముగానున్న అమెరికా ఓడ ట్రెంటను మీది నావికులు తమ చావును మరచి దానికి జయధ్వానములు చేసిరి. తక్కిన ఆరు ఓడలును పగిలెను లేదా ఒడ్డెక్కెను. సుమారు 150 మంది నావికులు మరణించిరి. అంతకు మూడు నెలల ముందే జర్మను సైనికులు దీవులవారితో యుద్ధము చేసియుండిరి. అయినను సమోవావారు ఒకరి చేయి ఒకరు పట్టుకొని అలలలోనికి గొలుసువలె నడచి, శత్రువని, మిత్రుడని చూడక, దొరికిన ప్రతివానిని ఒడ్డునకు లాగిరి. మూడు రాజ్యములవారును ప్రగల్భములు పలికిన ఆ తీరమున గొప్పవారెవరో ఆ రాత్రి తేలిపోయెను.

ఆ యేటి బెర్లిను ఒడంబడిక ప్రకారము దీవులకు ఒక ప్రధాన న్యాయమూర్తి, పురపాలనకు ఒక అధ్యక్షుడు ఏర్పడిరి. న్యాయమూర్తి సెడర్‌క్రాంట్జు అను స్వీడను దేశీయుడు. ఏటికి 6,000 డాలర్ల జీతము. అధ్యక్షుడు సెన్ఫ్ట్ ఫాన్ పిల్జాహ్ అను జర్మను ప్రభువు. వీరి పాలన నవ్వులాటగా మొదలై భయములోనికి దిగెను. 1891లో కొందరు పెద్దలను ఖైదుచేసి, ఎవరైనను వారిని విడిపింప యత్నించినచో జైలునే డైనమైటుతో పేల్చివేయుటకు ఏర్పాటులు చేసిరి. ఈ సంగతిని లోకమునకు చాటినవాడు అదే దీవిలో కాపురమున్న మరియొక పరదేశి. ఆయనయే ఆంగ్ల రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్. ఆయన రచించిన ‘ట్రెజర్ ఐలండ్’ నవలను నండూరి రామమోహనరావుగారి ‘కాంచనద్వీపము’ రూపమున తెలుగు పిల్లలు ఎరుగుదురు.

స్కాట్లండు దేశమున 1850లో పుట్టిన స్టీవెన్‌సన్ చిన్ననాటి నుండియు ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడెను. ఉష్ణదేశపు గాలికై ఓడలపై తిరిగి తిరిగి 1889 డిసెంబరులో అపియా చేరెను. హెన్రీ మూర్స్ అను అమెరికను వర్తకుని సాయముతో కొండ దాపున 300 ఎకరములకు పైగా భూమిని కొని, వైలిమా అను ఇల్లు కట్టుకొనెను. ఆ ఇంటివారిది వింత సంసారము. భార్య ఫానీ చెప్పులు లేక తోటలో మొక్కలు నాటుచు, సిగరెట్టు కాల్చుచు తిరిగెడిది. స్కాట్లండు నుండి వచ్చిన వృద్ధ మాత తన దేశపు తెల్లని కుచ్చుటోపీని ఆ ఎండలలోను విడువలేదు. పనివారికి పండుగ దినములలో స్కాట్లండు గళ్లబట్టతో చేసిన లుంగీలు! 

స్టీవెన్‌సన్ చమత్కారమునకు ఒక ఉదాహరణ చాలును. భూవిచారణ సంఘమునకు వచ్చిన హెన్రీ ఐడ్ అను అమెరికనుకు ఆనీ అను కుమార్తె గలదు. ఆమె క్రిస్మసు నాడు పుట్టుటచే వేరుగా పుట్టినరోజు పండుగ లేదని చింతించెడిది. ఇది విని స్టీవెన్‌సన్ 1891లో దస్తావేజు వ్రాసి, సాక్షి సంతకములతో తన పుట్టినరోజు నవంబరు 13వ తేదీని ఆమెకు దానము చేసెను. తనకు ఆ దినముతో ఇక పనిలేదనియు, ఆమె దానిని సక్రమముగా జరుపుకొననిచో ఆ హక్కు అమెరికా అధ్యక్షునికి సంక్రమించుననియు అందు షరతు! ఉన్న భూమికి రెట్టింపు దస్తావేజులు పుట్టిన దీవిలో ఎవరిని ముంచని దస్తావేజు ఇది.

గ్రంథాలయ పాఠకులకు ముఖ్యమైన సంగతి వేరొకటి గలదు. ఆయన వ్రాసిన ‘సీసాలోని భూతము’ కథ 1891లో మిషనరీల పత్రికయందు సమోవా భాషలో వెలువడెను. కోరినదెల్ల ఇచ్చు భూతము ఒక సీసాలో నుండును. దానిని కొన్న వెలకన్న తక్కువకే అమ్మవలెను. అమ్మక చచ్చినవాడు నరకమున పడును. అచ్చులో అసత్యము ఉండునని దీవులవారికి అంతవరకు తెలియదు. వారు చదివినది వేదగ్రంథమును, దానికి చేరిన పుస్తకములనే. కనుక ఈ దొరకు ఇంత పెద్ద ఇల్లు, ఇంత సంపద ఎట్లు కలిగెనో వారికి తెలిసిపోయెను! ఇల్లు చూడవచ్చిన పెద్దలు చాలసేపు కూర్చుండి, తుదకు ఆ సీసా ఎచ్చటనున్నదని మెల్లగా అడిగెడివారట. వారాయనకు ‘టుసిటాలా’ అని పేరిడిరి. కథలు వ్రాయువాడని దాని అర్థము.

ఆయన కథలతోనే ఊరకుండలేదు. అధికారుల అన్యాయములను గూర్చి లండను ‘టైమ్స్’ పత్రికకు లేఖలు వ్రాసెను. 1892లో సమోవా కలతల చరిత్రను పుస్తకముగా ప్రకటించెను. ఆయన నోరు కట్టుటకై బ్రిటిషు హైకమిషనరు ప్రత్యేకముగా ఒక శాసనమును చేయవలసి వచ్చెను. 1893 యుద్ధమున ఓడిన మటాఫా నాయకుని దూరదీవులకు పంపి, ఆయన పక్షపు పెద్దలను జైలున పెట్టినప్పుడు, స్టీవెన్‌సన్ వారికి పొగాకును, ఆహారమును కొనిపోయి పలుకరించెను. 1894లో విడుదలయైన ఆ పెద్దలు, కూలి పుచ్చుకొనక, తమ చేతులతో వైలిమాకు ఒక బాట వేసిరి. దానికి ‘ప్రేమహృదయుల బాట’ అని పేరు. బాట పూర్తియైన విందులో స్టీవెన్‌సన్ వారికి చెప్పినది రైతులందరును వినదగినది. నేలను సాగుచేసి, బాటలు వేసి, తోటలు పెంచి, తమది చేసికొననిచో, ఇతరులు వచ్చి దానిని తీసికొందురని ఆయన హెచ్చరించెను.

ఆ యేడే డిసెంబరు 3న ఆయన మెదడులో నరము చిట్లి మరణించెను. వయస్సు 44. వాయెయా కొండమీద సమాధి చేయవలెనని ఆయన కోరిక. కొండకు త్రోవ లేదు. సమోవావారు గొడ్డళ్లు పట్టి రాత్రికి రాత్రి అడవి నరికి త్రోవ చేసిరి. మరునాడు పెట్టెను భుజములపై మోసిరి. తరువాత ఆ కొండపై పక్షులను బెదరింపరాదని తుపాకి ప్రేల్చుటను పెద్దలు మాన్పించిరని చెప్పుదురు.

1900లో పశ్చిమ దీవులు జర్మనీకి, తూర్పు దీవులు అమెరికాకు చెందెను. జర్మను గవర్నరుగా వచ్చిన విల్హెల్మ్ సోల్ఫ్ సంస్కృత పండితుడు! కాశ్మీర కవి బిల్హణుని పంచాశికపై పరిశోధించి 1886లో గ్రంథము ప్రకటించినవాడు. తన కుమార్తెకు సమోవా పేరే పెట్టుకొనెను. దీవులవారి భూములు పరుల చేతికి ఇంకను పోకుండ ఆపెను. అయితే తన మాటకు ఎదురాడిన లౌవాకి అను నాయకుని 1909లో సైపాను దీవికి పంపివేసిన వాడును ఆయనయే. లౌవాకి మరల తన ఊరు చూడలేదు. 1915లో తిరుగు ప్రయాణముననే మరణించెను. పాండిత్యము అధికారమును కొంత మెత్తపరచగలదు గాని పూర్తిగా మార్చజాలదు.

అధికారి యొక్క ఒక్క నిర్ణయము ఎంత పని చేయునో 1918 చూపినది. అప్పటికి పశ్చిమ దీవులు న్యూజీలండు చేతిలో నుండెను. నవంబరు 7న టాలూనే అను ఓడ విషజ్వర రోగులతో అపియా చేరగా వారిని దిగనిచ్చిరి. జనములో అయిదవ వంతుకు పైగా, సుమారు 8,500 మంది, కొలది వారములలో మరణించిరి. పాలకుడు రాబర్ట్ లోగన్ పొరుగువారి వైద్యసహాయమును సయితము పుచ్చుకొనలేదు. దాపుననే యున్న అమెరికా సమోవాలో గవర్నరు జాన్ పోయర్ ఓడలను కట్టడి చేయుటచే ఒక్క ప్రాణమును పోలేదు. ఈ గాయము స్వాతంత్ర్యోద్యమమునకు బలమిచ్చెను. 1962 జనవరి 1న పశ్చిమ సమోవా స్వతంత్రమయ్యెను. 2002లో న్యూజీలండు ప్రధాని హెలెన్ క్లార్క్ అపియాకు వచ్చి క్షమాపణ చెప్పెను.

ఇన్ని రంగుల మనుష్యులలో తీరమున ఎవరు మిగిలిరి? ప్రధానమంత్రియైన స్టైన్‌బర్గరు పరిశోధకుల పుస్తకములలో మిగిలెను. లోగన్ పేరు మృతుల లెక్కతోపాటు మిగిలెను. కథలు వ్రాసినవాని ఇల్లు తరువాత జర్మను గవర్నర్లకు, న్యూజీలండు పాలకులకు నివాసమై, 1994లో మ్యూజియమై, ఆయన పేరుననే నిలిచెను. అధికారులు అక్కడ అద్దెకున్న వారివలెనే అయిరి.

ఇందు ఒక వెలితియు గలదు. ఈ పరదేశుల ముచ్చట లింతగా తెలియుటకు కారణము వారే వాటిని వ్రాసికొనుట. బాట వేసిన పెద్దలు, తుపానులో గొలుసుకట్టి నిలిచిన యువకులు ఇండ్లలో ఏమి చెప్పుకొనిరో అచ్చునకు వచ్చినది స్వల్పము. కాగితము చేతనున్నవాని జ్ఞాపకమే చరిత్రయగుచున్నది. కావున ఈ గ్రంథాలయము రానున్న యేండ్లలో పుస్తకములను తెప్పించుటయే గాక, ఒక తెల్లకాగితముల పుస్తకమును బల్లపై నుంచి, గ్రామవృద్ధులకు తెలిసిన మనుష్యులను గూర్చి, వచ్చిపోయినవారిని గూర్చి, చదువుకొన్న పిల్లలచేత వ్రాయించుట మేలు. స్వర్ణోత్సవము నాటికి ఆ పుస్తకమే ఈ బీరువాలలో మిక్కిలి విలువైనదిగా నుండును.

 గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!