గ్రామసభకు మనమూ వెళదాం



పంచాయతీ అంటే మనకు ఇంటి పన్ను, కుళాయి, వీధి దీపం, మురుగు కాలువ. మన ద్రాక్షారామంలో శివరాత్రికీ, కార్తీక మాసంలోనూ భీమేశ్వరస్వామి వారి యాత్రికులతో ఆ పనులు మరీ పెరుగుతాయి. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఏడాది జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, కొత్త పన్నుల ప్రతిపాదనలు, చేయబోయే పనులు గ్రామసభ ముందు పెట్టాలి.

నేను ఉద్యోగంలో ఉండగా ఒక ఊళ్లో (పేరెందుకు లెండి) ఆ సభకు పట్టుమని పదిమంది రాలేదు. "చదివి వినిపించడమైనది, సభ ఆమోదించినది" అని మినిట్సు పుస్తకంలో రాసింది ఈ చేతితోనే. నిజానికి చదవలేదు. అడిగినవారూ లేరు. పనుల జాబితాలో చివరి వీధి కాలువ లేదు. ఆ వానాకాలమంతా ఆ వీధివారు మురుగులో నడిచారు.

మనం లెక్కలు చూసినవాళ్లం, తీరికా ఉంది. "జమాఖర్చు చదవండి బాబూ" అని ఒక్కరు అడిగితే చాలు, చదువుతారు. మోకాళ్ల నొప్పులున్నవారికి కుర్చీలు వేయించే పూచీ నాది.