జడ్జి పరీక్షలు - ఇంట్లో పెద్దల పాత్ర

(పెన్షనర్ల దినోత్సవం నాడు ఆత్రేయపురంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17ను మనం పండుగలా ఎందుకు జరుపుకుంటామో మీకు తెలిసిందే. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షను సర్కారు దయతో పెట్టే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. ఒక మంచి తీర్పు ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగిస్తుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? అందుకే తీర్పులు రాసేవారు ఎలా తయారవుతారో రెండు మాటలు చెబుదామనుకున్నాను. నేను కోర్టులో బెంచి క్లర్కుగా చేసినవాణ్ణి. పైగా మా మనవరాలు ఇప్పుడు ఆ పరీక్షకు చదువుతోంది.

మన కాలంలో డిస్ట్రిక్టు మునసబు అనేవాళ్ళం. ఇప్పుడు ఆ పదవి పేరు సివిల్ జడ్జి (జూనియర్ డివిజన్). మన రాష్ట్రంలో ముందు స్క్రీనింగ్ పరీక్ష ఉంటుంది. అది గట్టెక్కినవారికి మూడు పేపర్ల రాతపరీక్ష: సివిలు చట్టాలు, క్రిమినలు చట్టాలు, ఇంగ్లీషు. ఆ తరువాత ఇంటర్వ్యూ. మూడో పేపరులో వ్యాసంతోపాటు తెలుగు నుంచి ఇంగ్లీషుకూ, ఇంగ్లీషు నుంచి తెలుగుకూ అనువాదం ఉంటుంది. చాలామంది పిల్లలు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు.

మా అమ్మాయీ అలాగే తీసుకుంది. తప్పు తనది మాత్రమే కాదు, నాదీ ఉంది. లా పూర్తిచేసి ఒక సీనియరు దగ్గర జూనియరుగా చేరింది. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళడం, వాయిదాలు రాసుకోవడం, సాయంత్రం అలసిపోయి రావడం. చేతికి వచ్చేది బస్సు చార్జీలకు కూడా చాలదు. నేనే చెప్పాను: "కోర్టుకు పోతే రోజంతా దండగమ్మా. మానేసి ఇంట్లో కూర్చుని చదువుకో" అని. జీవితమంతా కోర్టు హాల్లో గడిపినవాణ్ణి, నా నోటినుంచి ఆ మాట వచ్చింది! తను నమ్మింది. సెక్షన్లన్నీ కంఠతా పట్టింది. స్క్రీనింగ్ దాటింది, రాతపరీక్షలో ఆగిపోయింది.

ఆ రోజు నేను ఇంకో తప్పు చేశాను. "ఇంక చాల్లే, బ్యాంకు పరీక్షలు రాసుకో" అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదోనాడు కాఫీ తెచ్చి నా ముందు పెట్టి, "తాతయ్యా, సాక్షి 'మాట మీద ఇచ్చానండి' అంటే ఇంగ్లీషులో ఎలా రాసేవారు?" అని అడిగింది. అప్పుడు నాకు కళ్ళు తెరుచుకున్నాయి.

మన కోర్టుల్లో సాక్షి తెలుగులో చెబుతుంటే జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులో రాయించేవారు. కాగితం లేకుండా, నోటిమాట ఒప్పందంతో పొలం కౌలుకిచ్చానని ఆ సాక్షి భావం. ఒక్క మాట అటూ ఇటూ అయితే దావా తారుమారవుతుంది. బోదె పూడ్చాడన్నా, కొబ్బరి దింపు తీసుకుపోయాడన్నా మన లంకల రైతుకు అర్థమవుతుంది. పట్నంలో ఇంగ్లీషు మీడియం చదివిన పిల్లకు బోదె అంటే ఏమిటో తెలియదు. ఆ రోజు నుంచి సాయంత్రం గంటసేపు నేను సాక్షిని, తను జడ్జి. నేను మన ఊరి భాషలో చెబుతాను, తను ఇంగ్లీషులో రాస్తుంది. తప్పు రాస్తే, "అలా చెప్పలేదండీ" అని బోనులోంచి నేనే అభ్యంతరం చెబుతాను. మా ఇంటావిడ నవ్వుకుంటుంది. ఈ సాయం చేయడానికి చట్టం చదవనక్కరలేదు, తెలుగు మాట్లాడే తాతో, అమ్మమ్మో చాలు.

ఇప్పటి పిల్లలకు ఇంకో బరువు కూడా ఉంది. 2024 జూలై 1 నుంచి క్రిమినలు చట్టాలు మూడూ మారాయి. 1860 నాటి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మోసగాణ్ణి ఊరంతా 420 అనడం మనకు అలవాటు. ఇప్పుడు ఆ నేరం 318వ సెక్షనులో ఉంది. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103. అయినా ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది కాబట్టి రెండూ తెలియాలి. మా అమ్మాయి పాత నెంబరు ఎడమవైపు, కొత్తది కుడివైపు రాసి గోడకు అంటించుకుంది. రోజుకు పది మాత్రమే చూస్తుంది.

కోర్టుకు మళ్ళీ వెళ్ళడం కూడా మొదలుపెట్టింది. తరువాత 2025 మే 20న సుప్రీంకోర్టు, ఈ పదవికి పోటీపడాలంటే కనీసం మూడేళ్ళు న్యాయవాదిగా పనిచేసి ఉండాలని దేశమంతటికీ చెప్పింది. 1993లో ఈ షరతు పెట్టారు, 2002లో తీసేశారు, ఇప్పుడు మళ్ళీ వచ్చింది. అప్పటికే మొదలైన నియామకాలకు వర్తించదన్నారు. ఇది పేదింటి పిల్లలకు కష్టమే. మూడేళ్ళు సంపాదన లేకుండా ఎవరు పోషిస్తారు? అయినా మన ఊరివాళ్ళకు ఒక సంగతి తెలుసు. బోర్లించిన కుండ బాగా కాగకముందే తడిగుడ్డ వేస్తే పూతరేకు రాదు, పిండి ముద్దవుతుంది. కోర్టులో గడిపే ఆ మూడేళ్ళూ కుండ కాగే కాలం.

కాబట్టి పెద్దలకు నా మనవి మూడు మాటలు. మొదటిది, పిల్లలు కోర్టుకు వెళ్ళే రోజుల్ని దండగ అనకండి. రెండోది, మన పెన్షనులోంచి బస్సు చార్జీకి, పుస్తకాలకు కొంత తీసిపెట్టండి. అది ఖర్చు కాదు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. పెళ్ళిలో కనిపించినా, గుడిలో కనిపించినా "రిజల్టు వచ్చిందా అమ్మా?" అని అడగకండి. "ఇవాళ కోర్టులో ఏం జరిగింది?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు ఆ పిల్ల మొహం చూడండి, మీకే తెలుస్తుంది.

మా అమ్మాయి ఇంకా నెగ్గలేదు. నెగ్గుతుందో లేదో నేను చెప్పలేను. కాని నిన్న సాయంత్రం నేను సాక్షిగా చెప్పినదాన్ని చదివి వినిపించింది. ఒక్క అభ్యంతరం కూడా చెప్పలేకపోయాను.