బ్లాకు మీద నిలబడ్డ నిమిషం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

ఈత పోటీల్లో కంగారు గురించి మాట్లాడమన్నారు. ఇంజనీరుకి ఈతతో ఏం పనని వెనక వరసలో మా బ్యాచ్ వాళ్లు నవ్వుతున్నారు, వినిపిస్తోంది. మా అమ్మాయి ఆరేళ్లు పోటీల్లో ఈదింది. ఆ ఆరేళ్లూ తువ్వాలు పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. అదే నా అర్హత.

మనవైపు పిల్లలకు నీళ్లు కొత్త కాదు. ఏలూరులో కృష్ణా కాలువా గోదావరి కాలువా రెండూ ఉన్నాయి. గూడెం మీదుగా వచ్చే కాలువలో వంతెన మీంచి దూకి ఈత నేర్చినవాళ్లు ఈ హాల్లోనే సగంమంది ఉంటారు. కొల్లేటి లంకల్లోని పిల్లలకు దోనె తొయ్యడం ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. అలాంటి పిల్లాణ్ణి తీసుకెళ్లి 50 మీటర్ల పూల్లో బ్లాకు ఎక్కించండి. మోకాళ్లు వణుకుతాయి. ఎందుకంటే కాలువలో ఎవరూ టైము రాయరు. దూకే ముందు కదలకుండా ఉండమని ఎవరూ అనరు. ఇక్కడ సిగ్నల్ కంటే ముందే దూకితే అనర్హుడే, రెండో అవకాశం లేదు. వాడి భయం మునిగిపోతానని కాదు, నలుగురిలో ఓడిపోతానని.

మా అమ్మాయి ప్రతి రేసుకీ ముందు వాంతి చేసుకునేది. ఒకసారి ఇంటికొచ్చి, "ఇంక నేను వెళ్లను నాన్నా" అంది. ఈత అంటే ప్రాణం దానికి, అయినా ఆ మాటంది. అప్పుడు దాని కోచ్ గారు నాతో అన్నారు: "కంగారు పోగొట్టాలని చూడకండి సార్. దానికో పని చెబుదాం."

ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. చేపల చెరువు గట్టున మోటారు చూశారుగా? స్టార్టయ్యేటప్పుడు మామూలుగా తీసుకునే కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. అది మోటారు జబ్బు కాదు, దాని స్వభావం. అందుకే స్టార్ డెల్టా స్టార్టరు పెడతాం. గుండె దడ, చేతులు చల్లబడటం కూడా ఒంటికి అలాంటి స్టార్టింగ్ కరెంటే.

కోచ్ గారు పెట్టిన స్టార్టరు చాలా చిన్నది. టోపీ, గాగుల్స్, ముఖం మీద దోసెడు నీళ్లు, చేతులు విదిలించడం, మూడుసార్లు నెమ్మదిగా ఊపిరి వదలడం. రోజూ ప్రాక్టీసులోనూ అదే వరస, పోటీలోనూ అదే వరస. వాంతులు ఒక్కరోజులో ఆగలేదు, రెండో సంవత్సరానికి తగ్గాయి. దడ మాత్రం ఆఖరి రేసుదాకా ఉంది.

ఇక్కడొక హెచ్చరిక. "గట్టిగా ఊపిరి పీల్చు" అని పిల్లలకు చెప్పకండి. గబగబా పెద్ద ఊపిర్లు తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి తల తిరుగుతుంది. అలా తీసి నీటి అడుగున ఎక్కువసేపు ఉంటే, ఊపిరి కావాలన్న సంకేతం రాకముందే స్పృహ తప్పవచ్చు. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. వదలడం నేర్పండి, అదీ నిదానంగా.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై రేసులో మైకేల్ ఫెల్ప్స్ గాగుల్స్‌లోకి నీళ్లు వచ్చేశాయి. గోడ కనిపించలేదు. చేతుల బారలు లెక్కపెట్టుకుంటూ వెళ్లి 1:52.03తో ప్రపంచ రికార్డు పెట్టాడు. ఆ లెక్క అప్పటికప్పుడు పుట్టింది కాదు, ఏళ్ల తరబడి ప్రాక్టీసులో చేసిందే.

అంత దూరం ఎందుకు, మన గోలి శ్యామల గారున్నారు. నీళ్లంటే ఉన్న భయం పోగొట్టుకోవడానికి నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021లో శ్రీలంక నుంచి ధనుష్కోటికి సుమారు 30 కిలోమీటర్ల సముద్రం 13 గంటలకు పైగా ఈదారు. భయపడే పిల్ల పనికిరాదనేవాళ్లకు ఆవిడ పేరు చెబుతుంటాను.

పిల్లలకంటే గట్టు మీద మనతోనే నాకు పేచీ. రేసుకి పది నిమిషాల ముందు "పక్క లేన్ అమ్మాయి స్టేట్ ఫస్టటమ్మా" అని చెవిలో ఊదే తండ్రులను చూశాను. నీళ్లలోంచి తల ఎత్తగానే "టైమెంత?" అని అరిచే తల్లులనూ చూశాను. ఆ పిల్ల అప్పటికింకా ఊపిరి తీసుకుంటూ ఉంటుంది.

మన బడి పిల్లలు ఈసారి జిల్లా పోటీలకు వెళ్తున్నారని హెడ్మాస్టరు గారు చెప్పారు. మనలో వీలున్నవాళ్లం వెళదాం. అరటిపళ్లు, మంచినీళ్లు, పొడి తువ్వాళ్లు తీసుకెళదాం. రేసయ్యాక ముందు తువ్వాలు ఇవ్వండి. టైము బోర్డు మీద ఎలాగూ ఉంటుంది.